తానే వాది, తానే తీర్పరి

2025 ఆగస్టు నెలలో న్యూయార్కు నగరమందలి ఫెడరలు అప్పీలు న్యాయస్థానము చెప్పిన యొక తీర్పు, ఆటల వార్తగా మాత్రమే చదివి విడువదగినది కాదు. అమెరికా జాతీయ ఫుట్‌బాలు లీగులో నల్లజాతి శిక్షకులకు ఉద్యోగము లిచ్చుటయందు వర్ణవివక్ష జరుగుచున్నదని యారోపించి, బ్రయన్ ఫ్లోరెస్ అను శిక్షకుడు 2022 ఫిబ్రవరిలో ఆ లీగుపైనను, కొన్ని జట్లపైనను దావా తెచ్చెను. ఈ తగవు న్యాయస్థానమునకు రాదగదనియు, తమ నిబంధనావళి ప్రకారము తమ కమిషనరే దీనిని విచారించి తీర్పవలెననియు లీగువారు వాదించిరి. ప్రతివాది పక్షపు ముఖ్యాధికారియే తీర్పరి పీఠమున గూర్చుండుట పేరునకు మధ్యవర్తిత్వమే గాని నిజమునకు గాదని న్యాయస్థానము ఆ వాదమును త్రోసివేసెను. ఈ తీర్పును మేము హర్షించుచున్నాము. కాని యిదే న్యాయస్థానము తొమ్మిదేండ్లకు పూర్వము, ఇదే కమిషనరునకు గల యిట్టి యధికారమునే యొక యాటగాని విషయమున నిలువబెట్టినది. ఈ రెండు తీర్పుల నడుమ నేమి జరిగినది? ఏది మారినది, ఏది మారలేదు? ఇది విచారింపదగిన విషయము.

పాఠకులలో పెక్కురకు ఈ యాట యపరిచితము కావచ్చును. మనము ఫుట్‌బాలనునది కాదిది. కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి పరుగెత్తియు, విసరియు నాడు మొరటైన యాట. డల్లాసులోను, న్యూజెర్సీలోను స్థిరపడిన మనవారి యిండ్లలోని పిల్లలకు మాత్రము ఇది నిత్యపరిచితము. లీగులో 32 జట్లు గలవు. జట్ల యజమానులు చేరి యొక కమిషనరు నెన్నుకొందురు. ఆయనకు జీతమిచ్చువారును వారే. 2006 వ సంవత్సరమునుండి ఆ పదవియందున్నవారు రోజర్ గుడెల్. ఆటయొక్క నైర్మల్యమునకు గాని, దానియందు ప్రజలకు గల విశ్వాసమునకు గాని హాని కలిగించు ప్రవర్తన యని తనకు తోచినచో, ఆటగానికి జరిమానా విధించుటకును, ఆటనుండి తప్పించుటకును ఆయనకు అధికారము గలదు. యజమానులకును ఆటగాండ్ర సంఘమునకును 2011 లో కుదిరిన యొడంబడికలోని 46 వ యధికరణము ప్రకారము, ఆ శిక్షపై అప్పీలు వినువారును ఆయనయే, లేక ఆయన నియమించినవారు.

ఇట్టి యేకచ్ఛత్రాధిపత్యము ఎట్లు పుట్టినది? మూలము బేస్‌బాల్ క్రీడయందున్నది. 1919 లో చికాగో జట్టువారు ఎనమండ్రు, జూదరులవద్ద లంచము గొని జాతీయ విజేతను నిర్ణయించు పోటీలలో కావలెనని యోడిపోయిరను నపవాదు చెలరేగెను. ఆటయే నశించునని భయపడిన యజమానులు, 1920 లో కెనెసా మౌంటెన్ లాండిస్ అను ఫెడరలు న్యాయాధిపతిని పిలిచి సర్వాధికారముల నొప్పగించిరి. 1921 ఆగస్టులో జూరీవారు విచారణకు నిలిచిన యాటగాండ్రను నిర్దోషులని విడిచిపెట్టిరి. మరునాడే లాండిస్ ఆ యెనమండ్రను జీవితాంతము ఆటనుండి బహిష్కరించెను. ఫుట్‌బాలు లీగును ఈ మార్గమునే నడచినది. 1963 లో కమిషనరు పీట్ రొజెల్ పందెములు కాచిన పాల్ హార్నుంగ్, ఆలెక్స్ కరాస్ అను ప్రఖ్యాతులను ఆటనుండి తొలగించెను. ఆపత్కాలమున, జూదమను విషమునకు విరుగుడుగా బుట్టిన యధికార మిది. ఆపద గడచినను అధికారము గడచిపోలేదు. జూదమునుండి వీధితగవులకును, గృహకలహములకును, బంతిలోని గాలికిని గూడ వ్యాపించినది.

బంతిలోని గాలి యనుట పరిహాసము కాదు. 2015 జనవరి 18 వ తేదీన న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు ఇండియానాపొలిస్ కోల్ట్స్ జట్టును 45–7 తేడాతో నోడించెను. బంతిలో గాలి యొత్తిడి చదరపు అంగుళమునకు 12.5 మొదలు 13.5 పౌండ్లవరకు ఉండవలెనని నియమము. విరామసమయమున గొలువగా పేట్రియట్స్ వారి పదునొకండు బంతులును తక్కువగా నుండెను. కాని యాటకు ముందు కొలిచిన యంకెలు వ్రాసిపెట్టబడలేదు. కొలిచిన రెండు సాధనములును ఒకే లెక్క చూపలేదు. చలిలో గాలి యొత్తిడి తనంత తానే తగ్గునను సంగతి బడిపిల్లవాడును ఎరుగును. లీగు నియమించిన న్యాయవాది 243 పుటల నివేదిక వ్రాసి, జట్టు సేవకులిద్దరు కావలెననియే గాలి తీసియుండుట యెక్కువ సంభావ్యమనియు, ఆ సంగతి కొంతవరకైనను ముఖ్యక్రీడాకారుడు టామ్ బ్రేడీ ఎరిగియుండుట సంభావ్యమనియు తేల్చెను. దీనిపై బ్రేడీని నాలుగు పోటీలనుండి తప్పించిరి. జట్టునకు పదిలక్షల డాలర్ల జరిమానా విధించి, క్రొత్త ఆటగాండ్ర నెన్నుకొను హక్కులలో రెంటిని లాగుకొనిరి.

అప్పీలు గుడెల్ చెంతకే వచ్చెను. తాను విధించిన శిక్షను తానే విని తానే స్థిరపరచెను. బ్రేడీ తన చేతిఫోనును ధ్వంసము చేయించెనని యా తీర్పులో నొక్కిచెప్పెను. ఆ పని యనుమానమునకు దావిచ్చునదే. దానిని మేము సమర్థింపము. కాని ఆ నివేదికను ప్రకటనకు పూర్వమే చదివి యభిప్రాయములు తెలిపిన లీగు ముఖ్యన్యాయవాదిని ప్రశ్నించుటకు బ్రేడీ పక్షమువారి కవకాశ మీయలేదు. విచారణాపత్రములను వారికి సమానముగా చూపలేదు. 2015 సెప్టెంబరులో న్యాయాధిపతి రిచర్డ్ బెర్మన్ ఈ లోపములనే యెత్తిచూపి శిక్షను కొట్టివేసెను. 2016 ఏప్రిలులో అప్పీలు న్యాయస్థానము ఇద్దరొకవైపును, ప్రధాన న్యాయాధిపతి మరియొకవైపును నిలిచి శిక్షను పునరుద్ధరించెను. బ్రేడీ తప్పు చేసెనా లేదా యను ప్రశ్న తమది కాదనియు, ఇట్టి తీర్పరిని ఆటగాండ్ర సంఘమే యొడంబడికలో నంగీకరించినదనియు అధికసంఖ్యాకుల వాదము. ఫ్లోరెస్ విషయమున అట్టి సంఘపుటొడంబడిక లేదు; కావుననే ఫలితము వేరైనది.

బ్రేడీ వంటి ధనవంతుడు నాలుగు పోటీలు పోగొట్టుకొన్నంత మాత్రమున ప్రపంచము తలక్రిందగునా యని కొంద రడుగవచ్చును. కాదు. కాని నియమము లేని యధికారము కఠినముగానే యుండునని యెవరు చెప్పిరి? అది కఠినముగను ఉండును, మెత్తగను ఉండును. ఎప్పు డెట్లుండునో యెరుగరాకుండుటయే దాని స్వభావము. 2014 ఫిబ్రవరిలో బాల్టిమోర్ రేవెన్స్ జట్టువాడగు రే రైస్, తాను వివాహమాడనున్న యువతిని ఒక జూదగృహపు లిఫ్టులో స్పృహదప్పునట్లు కొట్టెను. జూలైలో కమిషనరు విధించిన శిక్ష రెండు పోటీలు మాత్రమే. సెప్టెంబరు 8 వ తేదీన ఆ దెబ్బ దృశ్యము వెల్లడియై దేశమెల్ల చూచెను. ఆనాడే శిక్ష అనిర్దిష్టకాలపు బహిష్కారముగా మారెను. తాను జరిగినది దాచెనని లీగు చెప్పిన కారణము నిలువదనియు, ఒక నేరమునకు రెండుమార్లు శిక్ష తగదనియు, మధ్యవర్తిగా వచ్చిన మాజీ న్యాయాధిపతి బార్బరా జోన్స్ నవంబరులో దానిని రద్దుచేసెను.

ఇందలి నీతిని పాఠకులు గమనింతురు గాక. మొదట అన్యాయము జరిగినది దెబ్బతిన్న యా యువతికి. పిమ్మట, దోషియే యైనను, రే రైస్‌కు. రెండును ఒక్క చేతినుండియే జరిగినవి. ముందు దాక్షిణ్యమును, వెనుక కాఠిన్యమును నిర్ణయించినది నేరము కాదు, జనుల కోలాహలము. వ్యాపారపు గౌరవమును కాపాడవలసిన వానిని న్యాయపీఠమున గూర్చుండబెట్టినచో, వాడు నేరమును తూచడు; వార్తాపత్రికల శీర్షికలను తూచును. అది వాని దుర్బుద్ధి కాదు, వాని యుద్యోగధర్మము. కావుననే మేము గుడెల్‌ను వ్యక్తిగా నిందించుటలేదు. ఆ పీఠమున ధర్మరాజును గూర్చుండబెట్టినను, ఆయనకు జీతమిచ్చువారు ముప్పదియిద్దరు యజమానులే యగుదురు.

ఆటగాండ్ర సంఘము సంతకము చేసినది గదా యను నాక్షేపణ బలమైనదే, దానిని దాటవేయరాదు. కాని యా సంతక మెట్టి పరిస్థితిలో చేయబడినది? ఈ మొరటు ఆటలో దేహము చిరకాలము నిలువదు. ఏ గాయముతో నే దినమున జీతము పోవునో తెలియని యువకులు, జీతములు, వైద్యము, పింఛను అను వానిని ముందు కోరుదురు; రాబోవు తగవులో తీర్పరి యెవ్వరను ప్రశ్న వెనుకబడును. 2020 మార్చిలో క్రొత్త యొడంబడికను ఆటగాండ్రు 1,019 ఓట్లకు 959 ఓట్లు ఎదురుగా నంగీకరించిరి. అరువది యోట్ల తేడా! అత్తెసరు సమ్మతి యిది. అప్పు గొనువాడు పత్రములోని ప్రతి షరతును మనఃపూర్వకముగా నొప్పుకొనెనని ఋణదాత చెప్పిన నెవరు నమ్ముదురు? ఒడంబడిక అధికారమును చట్టబద్ధము చేయగలదు, న్యాయబద్ధము చేయజాలదు.

అయినను ఆ 2020 ఒడంబడికలో నొక మేలిమి మార్పు వచ్చినదని యొప్పుకొనవలయును. ఆటగాండ్ర నడవడికి సంబంధించిన నేరములను, ఉభయపక్షములును గలిసి నియమించిన స్వతంత్రాధికారి మొదట విచారించును. తప్పు లేదని యా యధికారి తేల్చినచో అదియే తుదిమాట. తప్పు గలదన్నచో, శిక్ష యెంతయను విషయమున అప్పీలు మరల కమిషనరునకు గాని, ఆయన నియమించినవారికి గాని చేరును. గుమ్మము క్రొత్తది, గర్భగుడి పాతదే!

దీని పరీక్ష 2022 లో వచ్చినది. డిషాన్ వాట్సన్ అను ఆటగానిపై, అంగమర్దన సమయములందు అసభ్యముగా ప్రవర్తించెనని ఇరువదికిపైగా స్త్రీలు దావాలు వేసిరి. గ్రాండు జూరీలు నేరము మోపలేదు. ఆయన యారోపణలను నిరాకరించెను. స్వతంత్రాధికారిణియగు మాజీ న్యాయాధిపతి స్యూ రాబిన్సన్, ఆయన లీగు నియమములను ఉల్లంఘించెనని తేల్చి, ఆరు పోటీల శిక్ష విధించిరి. ఇట్టి నేరములకు లీగు పూర్వము విధించిన శిక్షలు స్వల్పములనియు, ముందుగా హెచ్చరింపక శిక్షను హఠాత్తుగా పెంచుట తగదనియు ఆమె హేతువు. లీగు అప్పీలు చేసెను. కమిషనరు నియమించిన వ్యక్తి తీర్పు చెప్పకముందే, పదునొకండు పోటీలు, యాబదిలక్షల డాలర్ల జరిమానా యని రాజీ కుదిరెను.

ఆరు పోటీలు చాలవని పెక్కురు తలంచిరి. ఆ స్త్రీల సంఖ్యను చూచినప్పుడు మాకును చాలవనియే తోచినది. ఇచ్చటనే సూత్రమునకు నిజమైన పరీక్ష. మనకు నచ్చిన ఫలితము వచ్చునప్పుడు నిష్పక్షపాతమును పొగడుట సులభము. స్వతంత్రురాలి తీర్పు మెత్తనిదని తోచినప్పుడు, ఏకాధికారి కత్తిని మనమే చేతికందించుట కూడదు. నియమములు మెత్తనివైనచో నియమములను మార్చుడు, ముందుగా ప్రకటించుడు, పిమ్మట వచ్చు దోషులకు వానిని నిస్సంకోచముగా ప్రయోగింపుడు. ఆ స్త్రీలకు లీగు చేసిన యపచారము 2022 లో కాదు. అట్టి నేరములను చులకనగా చూచిన పూర్వపు సంవత్సరములలో జరిగినది.

నిష్పక్షపాతి యగు తీర్పరి వచ్చినచో క్రమశిక్షణ సడలునను భయము నిరాధారము. బేస్‌బాల్ క్రీడలో నిషిద్ధౌషధముల విషయమై ఆలెక్స్ రాడ్రిగ్వెజ్‌కు విధించిన 211 పోటీల శిక్షను తటస్థమధ్యవర్తి 2014 జనవరిలో 162 కు తగ్గించెను. తగ్గించినను ఆయనకు 2014 సంవత్సరపు టాటలన్నియు పోయినవి! ఇంతదూర మేల? ఈ ఫుట్‌బాలు లీగులోనే బలవర్ధకౌషధముల నేరములపై అప్పీళ్లను 2014 మొదలు తటస్థులగు మధ్యవర్తులు వినుచున్నారు. మైదానమున జరిగిన తప్పుల జరిమానాలపై అప్పీళ్లు వినువారిని ఉభయపక్షములును గలిసి నియమించుచున్నవి. అందువలన ఆట కూలిపోలేదు. చిన్న తప్పునకు తటస్థుడును, పేరు ప్రతిష్ఠలను బూడిద చేయు పెద్ద నేరారోపణకు యజమానుల జీతగాడును తీర్పరి యగుట ఏ తర్కమునకు నిలుచును?

మనదేశమున సుప్రీముకోర్టువారు ఈ సూత్రమును 2019 లో స్పష్టపరచిరి: తగవు ఫలితముతో సంబంధము గల వ్యక్తి, తాను మధ్యవర్తి కారాదు, ఏకైక మధ్యవర్తిని నియమింపనుగూడ రాదు. అప్పీలును తాను వినక తన మనుష్యునిచే వినిపించినంత మాత్రమున దోషము తొలగదను సంగతి, ఆ లీగువారు మననుండి నేర్చుకొనదగినది.

మేము కోరునది గొప్ప విప్లవము కాదు. శిక్షను మొదట విధించు నధికారము కమిషనరునకే యుండనిండు. ఇంటియజమాని యింటిని చక్కబెట్టుకొనక తప్పదు. కాని యప్పీలు మాత్రము, ఇరుపక్షములును గలిసి యెన్నుకొని, ఇరుపక్షములును జీతమిచ్చు తటస్థుని చేతిలో నుండవలయును. ఆరోపితునకు పత్రములు చూపవలయును, సాక్షులను ప్రశ్నింపనీయవలయును, ఏ తప్పునకు ఏ శిక్షయో ముందుగా తెలుపవలయును. 2025 నాటి తీర్పు సంఘము లేని శిక్షకునకు న్యాయస్థానపు తలుపు తెరచినది. సంఘమున్న యాటగానికి ఆ తలుపు మూసియున్నది. తన సంతకమే తనకు గడియయైనది. దానిని తీయగలవారు న్యాయాధిపతులు కారు, ఆటగాండ్రే. రాబోవు బేరమున జీతముతోపాటు న్యాయమును గూడ అడిగి తీసికొనుటకు వారికి ధైర్యము కలుగుగాక.