చెవిటి కుక్కకు పేరెందుకు?

దిక్కులేని చెవిటి కుక్కను తెచ్చి పెంచువారిని లోకులు తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: "వినలేని దానికి పేరెందుకు?" పేరనగా శబ్దమే యను భ్రాంతినుండి పుట్టిన ప్రశ్న యిది. బధిరులైన మనుష్యులు తమలో నొక్కొక్కరికి నొక్కొక్క చేతిగురుతును పేరుగా నుంచుకొనుట లేదా?

చుక్కల డాల్మేషియను జాతిలో చెవుడు మిక్కుటము. అమెరికాలోని పరీక్షలలో నూటికి సుమారు 30 కుక్కలకు ఒక చెవియో రెండు చెవులో వినబడవని తేలినది. లోపలి చెవిలో రంగునిచ్చు కణములు లోపించుటచే, పుట్టిన కొలది వారములకే వినికిడి నశించును. అట్టి పిల్లలను మొండివనియు, కఱచుననియు నేరము మోపి చంపివేయు ఆచారము పెంపకందారులలో చిరకాలము సాగినది. నిదురించుచుండగా హఠాత్తుగా తాకినచో చెవులున్న కుక్క మాత్రము ఉలికిపడదా? కాలితో నేలను మెల్లగా తట్టిన చాలును, ఆ యదురునకు మేల్కొనును.

దానితో మాటాడుటయు కష్టము కాదు. కుక్క స్వభావముచేతనే మనుష్యుని ముఖమును, చేతులను కనిపెట్టి చూచుచుండును. కూర్చుండుటకొక గురుతు, దగ్గరకు వచ్చుటకొక గురుతు, పేరునకొక గురుతు ఏర్పఱచి, ఇంటిల్లిపాదియు నొకే తీరున చూపవలెను. చెప్పినట్లు చేసిన వెంటనే తినుటకేదైన నీయవలెను. వెనుకనుండి వచ్చు లారీ దానికి వినబడదు గనుక గొలుసు లేనిదే వీధిలోనికి కొనిపోరాదు.

నోటి పేరును ఉంచవలసినదే. అది కుక్కకు గాక ఇంటివారికి, ఇరుగుపొరుగువారికి కావలయును. మెడపట్టెపై ఆ పేరుతో బాటు "చెవిటిది" అని వ్రాయించుట మేలు. తప్పిపోయినచో, దొరికినవారు పిలిచి పిలిచి విసిగి దానిని కొట్టకుందురు.