సర్వర్ లేని సేవ, బాధ్యత ఉన్న పని



డిగ్రీ చదివే అబ్బాయో అమ్మాయో బొమ్మలేవీ లేని నల్లటి తెర ముందు కూర్చుని, దాని మీద ఒక్కొక్క వాక్యమే టైపు చేస్తూ ఉంటే పెద్దలకు సందేహం కలగడం సహజం. 'ఇది చదువా, కాలక్షేపమా?' అని అడిగే తల్లిదండ్రులకు నరసరావుపేటలోనూ, చిలకలూరిపేటలోనూ, ఒంగోలులోనూ కొదవ లేదు. ఆ తెరను కమాండ్ లైన్ అంటారు. అక్కడ నేటి పిల్లలు నేర్చుకుంటున్న వాటిలో 'సర్వర్‌లెస్ ఫంక్షన్' సృష్టించడం ఒకటి. పేరు కొత్తదే గానీ, దాని వెనుక ఉన్న సూత్రం పత్తి, మిరప పండించే మన నేలకు కొత్తది కాదు.

పని ఉన్నా లేకున్నా ఏడాది జీతం ఇచ్చి పాలేరును పెట్టుకోవడం ఒక పద్ధతి. పత్తి పగిలినప్పుడు కూలీలను పిలిచి, తీసిన పత్తిని కాటా వేసి, కిలోల లెక్కన కూలి చెల్లించడం మరొక పద్ధతి. సొంత సర్వర్ నడపడం మొదటి పద్ధతి వంటిది. రాత్రింబవళ్లు అది వెలుగుతూనే ఉండాలి, ఎవరూ వాడని గంటలకు కూడా ఖర్చు భరించాలి. సర్వర్‌లెస్ రెండో పద్ధతి వంటిది. మనం రాసిన చిన్న ప్రోగ్రాము నిద్రాణంగా ఉంటుంది. పిలుపు వచ్చినప్పుడు మేల్కొని, పని ముగించి మళ్లీ నిద్రిస్తుంది. పని చేసిన కాలానికే లెక్క కడతారు.

'సర్వర్‌లెస్' అనే మాటను చూసి అసలు యంత్రమే ఉండదని భ్రమించరాదు. యంత్రం ఉంది, అయితే అది మనది కాదు. దాని పోషణ భారం సంస్థది. అమెజాన్ సంస్థ 'లాంబ్డా' పేరుతో ఈ సేవను 2014 నవంబరులో ప్రకటించింది. గూగుల్, మైక్రోసాఫ్ట్ సంస్థలకూ ఇటువంటి సేవలున్నాయి. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాలను హైదరాబాదులో ప్రారంభించింది. కనుక గుంటూరులో కూర్చున్న విద్యార్థి పంపిన ప్రోగ్రాము పొరుగు రాష్ట్రంలోని యంత్రంపైనే నడవగలదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఇది తేమ 8 శాతం ఉన్న పత్తికి వర్తించే ధర. ఆ పైన ఒక్కొక్క శాతానికి 81 రూపాయల 10 పైసలు తగ్గుతాయి. తేమ 12 శాతం దాటితే భారత పత్తి సంస్థ కొనదు. అదే సీజనులో ఆ సంస్థ రైతుల నమోదుకు, స్లాట్ బుకింగ్‌కు 'కపాస్ కిసాన్' యాప్‌ను తెచ్చింది. 20 క్వింటాళ్ల పత్తి ఉన్న రైతుకు తేమ 8 శాతమైతే 1,62,200 రూపాయలు వస్తాయి. 10 శాతమైతే 1,58,956 రూపాయలే. ఈ 3,244 రూపాయల తేడా ట్రాక్టరు బాడుగ కట్టక ముందే తెలిస్తే, మరో రెండు రోజులు ఎండలో ఆరబెట్టాలా వద్దా అన్నది రైతు నిర్ణయించుకోగలడు. బరువూ తేమా ఇస్తే మొత్తం చెప్పే ఈ చిన్న లెక్కే ఒక ఫంక్షన్. పత్తి సీజనులో దానికి వేల పిలుపులు రావచ్చు, వేసవిలో ఒక్కటీ రాకపోవచ్చు. అందుకే ఇది సర్వర్‌లెస్‌కు తగిన పని.

దీనిని కమాండ్ లైన్ నుండి సృష్టించే క్రమం ఇది. మొదట ఆ లెక్కను పైథాన్ భాషలో ఒక ఫైలుగా రాసి, దానిని జిప్ చేయాలి. తరువాత ఆ ఫంక్షన్‌కు ఒక 'రోల్' ఏర్పరచాలి. అది ఏయే వస్తువులను తాకవచ్చునో తెలిపే అనుమతి పత్రం వంటిది. మన లెక్కకు తన పని వివరాలను చిట్టాలో రాసుకునే అనుమతి ఒక్కటే చాలు. అంతకు మించి ఇవ్వడం కొట్టు తాళం ఇవ్వవలసిన చోట ఇంటి తాళాల గుత్తి అంతా ఇవ్వడమే. పిమ్మట 'ఎడబ్ల్యూఎస్ లాంబ్డా క్రియేట్-ఫంక్షన్' అనే ఆదేశాన్ని టైపు చేసి, దాని వెంట ఐదు సంగతులు చెప్పాలి. అవి ఫంక్షన్ పేరు, పైథాన్ వెర్షన్, రోల్, హ్యాండ్లర్, జిప్ ఫైలు. హ్యాండ్లర్ అంటే ఫైలు పేరు, చుక్క, అందులోని ఫంక్షన్ పేరు. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఫంక్షన్ సృష్టి అవుతుంది గానీ, పిలిచినప్పుడు పలకదు. అందుకే 'ఇన్వోక్' ఆదేశంతో వెంటనే పిలిచి చూడాలి. 8, 10, 12 శాతాలతోనే గాక 13 శాతంతోనూ పరీక్షించాలి. అప్పుడు ధర కాక, 'ఆరబెట్టి తీసుకురండి' అన్న జవాబు రావాలి.

మనం వేరుగా చెప్పకపోతే ఫంక్షన్‌కు లభించే గడువు 3 సెకన్లు, జ్ఞాపకశక్తి 128 ఎంబీ. గడువును గరిష్ఠంగా 15 నిమిషాల వరకు పెంచవచ్చు. నెలకు 10 లక్షల పిలుపుల వరకు, నిర్ణీత పరిమితిలో నడిచే కాలానికి రుసుము లేదు. ఇన్ని పనులకు ఖరీదైన కంప్యూటరు అక్కరలేదు, పాత ల్యాప్‌టాప్ సరిపోతుంది. ఇల్లు కదలకుండా నేర్చుకోదలచిన ఆడపిల్లలకు ఇది గొప్ప సౌలభ్యం.

అయితే ఖాతా తెరవడానికి సాధారణంగా కార్డు వివరాలు ఇవ్వాలి. కనుక పెద్దలు మూడు సంగతులు తప్పక విచారించాలి. మొదటిది, 'నీ యాక్సెస్ కీలు ఎక్కడ ఉన్నాయి?' అన్నది. అవి అమానతు వంటివి. ప్రోగ్రాములో రాసి నలుగురూ చూసే చోట ఉంచితే, అపరిచితులు మన ఖాతాపై తమ పనులు నడిపించుకుంటారు, బిల్లు మన ఇంటికి వస్తుంది. రెండోది, 'ఖర్చు హెచ్చరిక పెట్టావా?' అన్నది. ఆ హెచ్చరిక కబురు మాత్రమే పంపుతుంది, దానంతట అది ఖర్చును ఆపదు. కాబట్టి కబురు రాగానే చూడాలి. మూడోది, 'సాధన ముగిశాక తొలగించావా?' అన్నది. 'డిలీట్-ఫంక్షన్' ఆదేశం ఒక్క వాక్యమే. కానీ దానితో పాటు ఏర్పరచిన ఇతర వస్తువులను విడిగా తొలగించాలి.

వీటన్నిటికంటే బరువైన బాధ్యత మరొకటి ఉంది. మద్దతు ధర ప్రతి సీజనుకూ మారుతుంది. మన ఫంక్షన్‌లో పాత ధర ఉండిపోతే యంత్రం తొణకకుండా, బెణకకుండా తప్పు మొత్తమే చెబుతూ ఉంటుంది, దానిని నమ్మి రైతు బండి కడతాడు. యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండే పని సంస్థ చూసుకుంటుంది గానీ, చెప్పే మాటకు పూచీ దానిది కాదు, రాసినవారిది. కనుక పిల్లలు ఇటువంటిది నలుగురికీ అందుబాటులో ఉంచేటప్పుడు అది ఏ సీజను ధరో జవాబులోనే తెలపాలి, కొనుగోలు కేంద్రంలో తూచిన తేమే చివరి లెక్క అనీ చెప్పాలి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ బిడ్డ ఆ నల్లటి తెర ముందు కూర్చున్నప్పుడు అతడిని గానీ ఆమెను గానీ మందలించే ముందు, 'ఇది ఎవరికి ఉపయోగపడుతుంది?' అని అడగండి. జవాబు తోచకపోతే మీ చేను గురించో, దుకాణం చిట్టా గురించో, మిరప యార్డులో టిక్కీల లెక్క గురించో చెప్పండి. పనికివచ్చే ప్రశ్న ఇంట్లోనే దొరికితే, చదువుకు దారి దానంతట అదే కనిపిస్తుంది.