పాపం అంతా పురుగుదేనా?

మా అన్నయ్య వాళ్ళ ఇల్లు సియాటిల్ పక్కన సమామిష్‌లో. పెరట్లో నాలుగు డగ్లస్ ఫర్ చెట్లు, ఒక రెడ్ సెడార్. తల ఎత్తి చూస్తే మెడ పట్టేసేంత ఎత్తు. పోయిన వేసవి నుంచి ఒక ఫర్ పైనుంచి పల్చబడుతూ వచ్చింది. చెట్లు కొట్టేవాళ్ళు వచ్చి, బెరడు మీద చిల్లులు, ఎర్రటి పొట్టు చూపించి "బీటిల్స్ అండీ, నాలుగూ కొట్టించేయండి" అని కొటేషన్ చేతిలో పెట్టి పోయారు. ఆ చెట్టు పక్కనే పిల్లల గది. వదిన భయం వదినది.

నాకైతే ఆఫీసు గుర్తొచ్చింది. సర్వర్ పడిపోతే లాగ్‌లో ఆఖరి లైను చూసి, ఆ మాడ్యూల్ రాసినవాడి మీద పడతాం కదా, అచ్చం అలాగే :)

బెరడు పురుగు చాలామటుకు ఆ ఆఖరి లైనే. బలంగా ఉన్న చెట్టు తొలిచే పురుగుని జిగురుతో బయటకి తోసేస్తుంది. నీళ్ళందక నీరసించిన చెట్టుకి ఆ జిగురు చాలదు. పాల్ మానియన్ అనే ప్రొఫెసరు 1981లోనే తన పుస్తకంలో కారణాల్ని మూడు వరసలుగా విడదీశాడు: ముందునుంచీ బలహీనపరిచేవి, గట్టి దెబ్బ కొట్టేవి, చివర్లో వచ్చి పని ముగించేవి. పురుగులు, వేరుకుళ్ళు ఎక్కువగా మూడో వరసలోవే. కాలిఫోర్నియాలో 2010-2017 మధ్య దాదాపు 12.9 కోట్ల చెట్లు చచ్చిపోయాయని అటవీశాఖ అంచనా. పురుగు అంతకుముందూ అక్కడే ఉంది, కొత్తగా వచ్చింది 2012-16 కరువు.

మరి అన్నయ్య చెట్టు సంగతి? లోపలి పాత ఆకులు శరత్కాలంలో పసుపెక్కి రాలడం మామూలే, దానికి కంగారు అక్కర్లేదు. ఇక్కడ ఎండింది పైభాగం, అదీ ఇంటివైపు ఎక్కువ. ఆ వైపే మూడేళ్ళ కిందట పేషియో కోసం కందకం తవ్వించాడు. చెట్టుకి నీళ్ళు తాగే వేర్లు చాలావరకు పై అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. అవి తెగిన సంగతి చెట్టు వెంటనే చెప్పదు, ఏళ్ళు పడుతుంది. దానిమీద ఎండలు. 2021 జూన్ 28న సియాటిల్‌లో 108 డిగ్రీల ఫారెన్‌హీట్ కొట్టింది, గుర్తుందిగా? ఇక్కడి సెడార్లు ఊళ్ళకి ఊళ్ళు ఎండుతున్నదీ ఈ వేసవుల వల్లే, వాటికి పెద్ద పురుగేమీ దొరకలేదు.

అలాగని "పురుగు కాదులే" అని కూర్చోమనడం లేదు. వేరుకుళ్ళు ఉంటే పచ్చగా ఉన్న చెట్టే గాలికి పడిపోగలదు. అందుకే నా మాట ఒకటే, కొట్టే పని అమ్ముకునేవాడి చేత రోగం చెప్పించుకోవద్దు. చూసినందుకు మాత్రమే ఫీజు తీసుకునే ఆర్బరిస్ట్‌ని పిలవండి, మొదలు దగ్గర మట్టి తీసి వేర్లు చూడమనండి.

అన్నయ్య అదే చేశాడు. సగానికి పైగా ఎండిన ఆ ఒక్కటీ పోయింది. మిగతా మూడింటికీ, సెడార్‌కీ వానల్లేని జులై, ఆగస్టుల్లో సోకర్ హోస్ పెట్టి నిదానంగా, లోతుగా తడపమన్నారు. వదిన మాత్రం పిల్లల మంచాన్ని ఇంకా కిటికీవైపు జరపనివ్వట్లేదు.