కంటి జబ్బుకు రక్తంలో సాక్ష్యమా?

రెండు వారాలుగా కండ్లకలకతో బాధపడుతున్న యువకుడొకడు నా వద్దకు రక్తపరీక్ష నివేదిక పట్టుకొని వచ్చాడు. అందులో 'క్లమీడియా ఐజీజీ పాజిటివ్' అని ఉంది. అది లైంగిక సంపర్కం వలన వచ్చే వ్యాధి అని ఎవరో చెప్పగా విని, అతని భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ కాగితానికి అంతటి తీర్పు చెప్పే అర్హత లేదు.

ఐజీజీ ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, ఒకసారి పుడితే ఏళ్ళ తరబడి రక్తంలో నిలిచి ఉండవచ్చు. అవి నేటి ఎరుపుకు కారణం చెప్పలేవు. పైగా దగ్గు తుంపరలతో వ్యాపించే క్లమీడియా న్యుమోనియే అనే దాయాది సూక్ష్మజీవి ఒకటి ఉంది. పెద్దవారిలో చాలామందికి అది ఎప్పుడో సోకే ఉంటుంది. దానివలన పుట్టిన ప్రతిరక్షకాలను చూసి కూడా కొన్ని పరీక్షలు 'పాజిటివ్' అంటాయి. పోనీ, నెగటివ్ వస్తే నిశ్చింతగా ఉండవచ్చునా? అదీ లేదు. కంటి పైపొరకే పరిమితమైన వ్యాధి రక్తంలో చెప్పుకోదగిన ప్రతిరక్షకాలను పుట్టించకపోవచ్చు. అవునన్నా కాదన్నా నమ్మలేని సాక్షిని రుసుమిచ్చి పిలిపించడం ఎందుకు?

కంటిలో ఉన్నదానిని కంటిలోనే వెదకాలి. రెప్పను తిప్పి, లోపలి పొరను స్వాబ్‌తో రుద్ది, ఆ కణాలను పీసీఆర్ పరీక్షకు పంపాలి. ఈ జీవి కణాల లోపల బ్రతుకుతుంది కనుక పైపైన తుడిచిన పుసి చాలదు. వ్యాధి తేలితే భార్యాభర్తలిద్దరికీ చికిత్స చేయాలి.

పసికందుల విషయంలో ఈ పొరపాటు మరింత ప్రమాదకరం. తల్లి ఐజీజీ మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది కనుక, బిడ్డ రక్తంలో కనిపించేది తల్లి చరిత్రే. ఆ కాగితాన్ని చూస్తూ కూర్చుంటే అసలు చికిత్స ఆలస్యమవుతుంది. కంటి చుక్కలు మాత్రమే వేసి పంపినా చాలదు. ఇదే జీవి ఊపిరితిత్తులకు చేరి న్యుమోనియా కలిగించగలదు కనుక నోటిద్వారా మందు ఇవ్వాలి.

ప్రతిరక్షకాల పరీక్ష పూర్తిగా వ్యర్థమని నేననను. ఒక ప్రాంతంలో ట్రకోమా ఇంకా వ్యాపిస్తున్నదా అని పిల్లల రక్తం చూసి అంచనా కట్టవచ్చు. అది జనసమూహానికి సంబంధించిన లెక్క, ఒక మనిషికి పెట్టే వ్యాధి పేరు కాదు. ప్రజారోగ్య సమస్యగా ట్రకోమాను భారతదేశం నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించింది. ఆ జబ్బును మా తరం వైద్యులు పైరెప్ప తిప్పి, టార్చి వేసి, భూతద్దంతో గుర్తించేవారు. అందుకు ఖర్చేమీ అయ్యేది కాదు.

ఆ యువకుని కంటి స్వాబ్‌లో క్లమీడియా కనబడలేదు. లక్షణాలన్నీ వైరస్ కండ్లకలకవే. వారంలో ఎరుపు తగ్గింది. భార్య మాత్రం ఇంకా తిరిగి రాలేదు.