అంచు ఎవరు చూస్తారు?

క్లాసులో ఏళ్ళ తరబడి అలంకారాల గురించి చెబుతున్న నాకు, ఓ ప్లైవుడ్డు నెమలి పాఠం చెప్పింది.

కిందటి సంక్రాంతికి మా అమ్మాయి గేటుకు అటొకటి ఇటొకటి నెమళ్ళు నిలబెట్టాలని ముచ్చటపడింది. బొమ్మ గీసి ఇస్తే మక్తల్‌లో మా వడ్లాయన వంపులన్నీ ఒడుపుగా కోసి ఇచ్చాడు. పది రాత్రులు కూర్చుని అమ్మాయి పింఛంలో ఒక్కొక్క కన్నూ దిద్దింది. చివరికి, "నాన్నా, అంచులకూ వేయనా?" అంది. డబ్బాలో రంగు అడుగంటింది. తెల్లవారితే పండుగ. "అంచు ఎవరు చూస్తారమ్మా!" అన్నాను.

నిజమే, ఎవరూ చూడలేదు. వాన చూసింది.

ఎండాకాలమంతా కళకళలాడిన నెమళ్ళు, జూన్‌లో నాలుగు వానలు పడేసరికి తోకల దగ్గర ఉబ్బాయి. పొరలు తడిసిన పుస్తకంలా విచ్చుకున్నాయి, రంగు పెచ్చులు లేచింది. రంగుల దుకాణం వాణ్ణి మనసారా తిట్టుకున్నాను. వడ్లాయన చూసి నవ్వాడు.

"రంగుదేం తప్పులేదు సారూ! మీరు తలకు గొడుగు పట్టి కాళ్ళు వానల పెట్టిన్రు."

సంగతేమిటంటే, చెట్టు వేళ్ళనుంచి నీటిని పైకి తీసుకుపోయే సన్నని గొట్టాలు కట్టె పొడవునా ఉంటాయి. అడ్డంగా కోస్తే వాటి నోళ్ళు తెరుచుకుంటాయి. ప్లైవుడ్డులో పలుచని పొరలను ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా అతికిస్తారు. అందుచేత ఏ వైపు కోసినా కొన్ని పొరల నోళ్ళు బయటపడతాయి. పైన ఎంత రంగు వేసినా నీళ్ళు పక్కనుంచి తాగేస్తుంది.

ఖరీదైనది కొంటే సరిపోదా అంటారేమో. మామూలు రకం (ఐ.ఎస్. 303లోని ఎం.ఆర్.) ఇంటిలోపలి చెమ్మకు తట్టుకుంటుందిగాని వానకు కాదు. మెరైన్ రకం (ఐ.ఎస్. 710) జిగురు నీళ్ళకు ఊడదు. కాని కట్టె కట్టేగదా! అదీ నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, పైరంగును పగలగొడుతుంది. దానికీ అంచుల రక్షణ కావలసిందే.

వడ్లాయన చెప్పిన పద్ధతి ఇది. పలక బాగా ఎండాలి. అంచును గరుకు కాగితంతో రుద్ది, పదునైన మూలలను కొద్దిగా గుండ్రం చేయాలి. పదును మీద రంగు నిలవదు. కట్టెకు వేసే ప్రైమరులో కాస్త టర్పెంటైన్ కలిపి అంచుకు పట్టించాలి. పలుచనిదైతే లోపలికి ఇంకుతుంది. ఆరాక సందులను కట్టె లప్పంతో నింపాలి. గోడ లప్పం పనికిరాదు, కట్టె కదిలితే పగులుతుంది. మామూలు తెల్లజిగురూ వద్దు, వానకు మెత్తబడుతుంది. లప్పం రుద్ది, చిక్కని ప్రైమరు మరోసారి, ఆపైన బయటి పనికి పనికొచ్చే ఎనామెల్ రెండుసార్లు వేయాలి. మేకుల రంధ్రాలనూ, వెనుకవైపునూ మరవరాదు. బొమ్మను నేలకు ఆనించకుండా రెండు వేళ్ళ ఎత్తున నిలపాలి. నీళ్ళు నిలిచేది, ఎక్కువ తాగేది అడుగు అంచే.

ఒక నెమలి బాగుపడలేదు. రెండోదానికి కుళ్ళిన తోక నాలుగంగుళాలు కోసి, వారం రోజులు ఎండబెట్టాం. అమ్మాయి మొదట రానంది. "మళ్ళీ చెడిపోయేదానికి ఎందుకు నాన్నా?" అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. నేనే కుంచె పట్టి అంచులకు పూస్తూ కూర్చున్నాను. కాసేపటికి వచ్చి, "అక్కడ వదిలేశావు" అంటూ కుంచె లాక్కుంది.

పొరుగున ఉన్న నారాయణపేట చీరకు అంచు అందం. ప్లైవుడ్డుకు అంచు ప్రాణం. ఆ తర్వాత పడిన వానలన్నిటికీ మా పొట్టితోక నెమలి గేటు దగ్గర నిటారుగా నిలబడే ఉంది. వచ్చినవాళ్ళు పింఛం చూసి మెచ్చుకుంటున్నారు. నేను మాత్రం వంగి అంచు చూస్తున్నాను.