స్టాండ్‌బై సర్వర్ ఉన్నా రిజిస్ట్రేషన్ ఎందుకు ఆగిపోతుంది?

ఆళ్లగడ్డ సబ్-రిజిస్ట్రార్ కార్యాలయం. ఉదయం 11 గంటలు. పొలం అమ్మేవారు, కొనేవారు, ఇద్దరు సాక్షులు, దస్తావేజు లేఖరి.. అందరూ సిద్ధం. అప్పుడే ‘సర్వర్ డౌన్’ అన్నారనుకుందాం. జిల్లాలో ఏ కార్యాలయంలోనైనా చేయించుకునే ‘ఎనీవేర్’ వెసులుబాటు ఉంది కదా అని కారు మాట్లాడుకుని సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని నంద్యాలకు వెళ్తే అక్కడా అదే మాట. కార్యాలయాలు రెండైనా వాటి వెనకున్న వ్యవస్థ ఒక్కటే.

ఇది ఒక్క ఊరి సమస్య కాదు. 2023 మే నెలాఖరులో, జూన్ 1 నుంచి భూముల మార్కెట్ విలువలు పెరుగుతాయని జనం రిజిస్ట్రేషన్లకు పోటెత్తారు. సరిగ్గా అప్పుడే సర్వర్ మొరాయించి రాష్ట్రంలో చాలాచోట్ల పని నిలిచిపోయింది. మర్నాటి నుంచి ఖర్చు పెరుగుతుందన్నప్పుడు గంట ఆలస్యమూ డబ్బుతో సమానమే.

ఒక సర్వర్ పోతే మరొకటి అందుకోవాలి కదా? అందుకోవడాన్నే ఫెయిలోవర్ అంటారు. మరి అది ఎక్కడ తప్పుతుంది?

ఇన్‌చార్జి వచ్చారు.. తాళం చెవి ఏదీ?

మనుషుల విషయంలో ఈ ఏర్పాటు పాతదే. సబ్-రిజిస్ట్రార్ లేనప్పుడు ఆ బాధ్యత వేరొకరికి ఎలా అప్పగించాలో 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 12వ సెక్షన్ చెబుతుంది. కానీ ఇన్‌చార్జి వచ్చి కుర్చీలో కూర్చున్నంత మాత్రాన పని మొదలవదు. బీరువా తాళం, సీలు, పుస్తకాలు, లాగిన్ అన్నీ ఆయన చేతికి రావాలి.

సర్వర్లదీ అదే కథ. ఒక దస్తావేజు పూర్తి కావాలంటే వెబ్‌ల్యాండ్‌లో భూమి వివరాలు కనిపించాలి. చలానా చెల్లింపు ధ్రువపడాలి. ఆధార్ సరిచూడాలి. ఫొటోలు, వేలిముద్రలు తీయాలి. నంబరు పడాలి. స్కాన్ చేసిన కాపీ భద్రం కావాలి. వీటిలో కొన్ని రిజిస్ట్రేషన్ శాఖవి, కొన్ని రెవెన్యూవి, ఆధార్ కేంద్ర సంస్థది. డేటాబేస్ ఒక్కటీ స్టాండ్‌బైకి మారి, మిగతావి ఇంకా పాత చిరునామాకే కబురు పంపుతుంటే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. కంట్రోల్ రూమ్‌లో మాత్రం అన్నీ పచ్చగానే కనిపిస్తాయి.

అందుకే సర్వర్ల గుంపును, అంటే క్లస్టర్‌ను, నడిపే సాఫ్ట్‌వేర్‌లో రెండు నియమాలు రాసి పెడతారు. లినక్స్ సర్వర్లలో వాడే పేస్‌మేకర్‌లోనూ ఇవి ఉంటాయి. ఒకటి వరస: ముందు డిస్కు, తర్వాత డేటాబేస్, ఆ తర్వాత అప్లికేషన్, చివరిగా బయటివారికి కనిపించే చిరునామా. ఆపేటప్పుడు దీనికి తలకిందులు. రెండోది జత: ఏవి ఒకే చోట నడవాలో, ఒకటి కదిలితే ఏవి దాని వెంట కదలాలో చెప్పడం. ఈ వరస తప్పితే ఫెయిలోవర్ జరిగినా సేవ అందదు.

ఒకే సీటులో ఇద్దరు కూర్చుంటే?

ఇంతకన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. పాత సర్వర్ పోలేదు, రెండింటి మధ్య నెట్‌వర్క్ మాత్రమే తెగింది. ‘అది పోయింది’ అనుకుని స్టాండ్‌బై పని మొదలుపెట్టింది. ఇప్పుడు రెండూ నంబర్లు ఇస్తున్నాయి. దీన్నే స్ప్లిట్ బ్రెయిన్ అంటారు.

చట్టంలోని 53వ సెక్షన్ ప్రకారం పుస్తకంలో నమోదులకు ఏడాది పొడవునా వరస నంబర్లు ఉండాలి. రెండు సర్వర్లు ఒకే నంబరును ఇద్దరికి ఇచ్చినా, ఒకే పొలాన్ని రెండుసార్లు రాసినా, ఆ చిక్కు విప్పడానికి కోర్టుకే వెళ్లాల్సి రావచ్చు. అందుకే పాత సర్వర్‌కు కరెంటు తీసేసో, డిస్కును దాని చేతికి అందకుండా చేసో, ఆ తర్వాతే కొత్తదానికి పగ్గాలు ఇస్తారు. దీని పేరు ఫెన్సింగ్. భూమి రికార్డుల విషయంలో పది నిమిషాలు ఆలస్యమైనా ఫర్వాలేదు, రెండు నిజాలు పుట్టకూడదు.

తేరుకునే వేళ తొక్కిసలాట

సేవ తిరిగి రాగానే అన్ని కార్యాలయాలూ ఒక్కసారిగా మళ్లీ ప్రయత్నిస్తాయి. ఆ తాకిడికి ఇప్పుడే లేచిన సర్వర్ మళ్లీ పడిపోవచ్చు. 2025 ఏప్రిల్ 12న యూపీఐ చెల్లింపులు గంటలపాటు ఇబ్బంది పెట్టాయి. ‘నా లావాదేవీ ఏమైంది’ అని ఆరా తీసే అభ్యర్థనలను కొన్ని బ్యాంకులు పదేపదే పంపడమే కారణమని ఎన్‌పీసీఐ గుర్తించింది. ఆగి, విడతలవారీగా అడగడం కూడా ఫెయిలోవర్‌లో భాగమే.

ఒకదానిపై ఒకటి ఆధారపడటం ఎంత దూరం పోతుందో దక్షిణ కొరియా చూసింది. 2025 సెప్టెంబర్ 26న డేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. తొలి లెక్క ప్రకారం నేరుగా కాలిన వ్యవస్థలు 96. ఆగిపోయినవి 647. సాంకేతికతలో ముందున్న దేశంలోనూ తపాలా బ్యాంకింగ్ సహా ఎన్నో సేవలు నిలిచిపోయాయి.

మనం ఏం అడగాలి?

‘స్టాండ్‌బై ఉందా’ అన్నది సరిపోని ప్రశ్న. ఆధారపడిన సేవలన్నిటినీ కలిపి చివరిసారి ఎప్పుడు మార్చి చూశారు? వెబ్‌ల్యాండ్, చలానా, ఆధార్ చూసేవారు ఆ రిహార్సల్‌లో ఉన్నారా? సేవ ఎంతసేపట్లో తిరిగి రావాలన్న గడువు ఉందా? అది జనానికి తెలుసా? విలువల పెంపు లాంటి తేదీల ముందు సర్వర్ ఆగితే, అప్పటికే స్లాట్ ఉన్నవారికి పాత విలువే వర్తిస్తుందా? చివరి ప్రశ్నకు జవాబు కంప్యూటర్‌లో దొరకదు, ప్రభుత్వ ఉత్తర్వులోనే దొరకాలి.

ఈలోగా మీరు చేయాల్సింది

రాసుకున్న దస్తావేజు దాఖలుకు సాధారణంగా 4 నెలల గడువు ఉంటుంది (23వ సెక్షన్). అనివార్య కారణం చూపితే జరిమానాతో మరో 4 నెలల వరకు అనుమతించే వీలు 25వ సెక్షన్‌లో ఉంది. కాబట్టి ఒక్క రోజు ఆగితే దస్తావేజు చెల్లకుండా పోదు. చలానా డబ్బు ఖాతాలోంచి పోయి రసీదు రాకపోతే వెంటనే రెండోసారి కట్టకండి, లావాదేవీ నంబరు రాసి పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ పూర్తయి నంబరు పడే వరకు మొత్తం సొమ్ము చేతులు మార్చకండి. పక్క ఊరికి బయలుదేరే ముందు అక్కడ పని నడుస్తోందో లేదో ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి.