శాలువాలు చాలు, హార్మోనియం ఇవ్వండి

మొన్న ఒక తిరునాళ్లలో జరిగిన పని నాకింకా మింగుడుపడలేదు. ఊరి పేరు రాయను. ఈ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా జరిగేదే అది. అరవై దాటినవాళ్లు, డెబ్బై దాటినవాళ్లు కలిసి ఏడుగురు ‘కురుక్షేత్రం’లో రాయబారం సీను సాధన చేశారు. డ్రెస్సులు, కిరీటాలు అద్దెకు తెచ్చుకున్నారు. సాయంత్రం ఐదింటికే మొహాలకు రంగు వేసుకుని స్టేజీ వెనక కూర్చున్నారు. ఆరున్నరకు ఇస్తామన్న స్టేజీని కమిటీవాళ్లు తొమ్మిదిన్నరకు గానీ వదల్లేదు. ఈలోగా డీజే, డాన్సులు, లడ్డూ వేలం, నాయకుల ప్రసంగాలు అన్నీ అయ్యాయి. కృష్ణుడు సభలోకి వచ్చి రెండు పద్యాలు పాడాడో లేదో, పది దాటిందంటూ మైకు కట్టేయించారు. ఆ రంగు మొహాలతోనే అందరూ ఆటో ఎక్కి ఇళ్లకు పోయారు. పోయేముందు మాత్రం తలా ఒక శాలువా కప్పి ఫొటో తీయించారు.

ఈ శాలువాలంటేనే నాకు ఒళ్లు మండుతుంది. అక్టోబరు 1 వృద్ధుల దినోత్సవం వచ్చిందంటే పెద్దవాళ్లను వరసగా కుర్చీల్లో కూర్చోబెడతాం. బీపీ చూస్తాం, పళ్లు పంచుతాం, శాలువా కప్పి ఇంటికి పంపిస్తాం. పెద్దవాళ్లకు మనమిచ్చే మర్యాద అంతా వాళ్లను కూర్చోబెట్టడంలోనే ఉంది. లేచి నిలబడి పద్యం ఎత్తుకుంటానంటే మాత్రం ‘ఈ వయసులో నీకెందుకు తాతా’ అంటాం.

ఆ ఏడుగురిదీ రెడ్డిగూడెం వైపే. మామిడికాయ కోతలు అయిపోయి తోటలు ఖాళీ అయ్యాక వాళ్ల రిహార్సలు చూశాను. తోటలో పాక, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, చాప మీద హార్మోనియం. దుర్యోధనుడు లుంగీలో ఉన్నాడు, భుజాన తువ్వాలు. ఉదయం మాత్ర వేసుకున్నాడో లేదో ఆయనకు గుర్తుండదని ఇంట్లోవాళ్లే చెప్పారు. పద్యం మాత్రం ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఒకచోట రాగం సాగదీస్తుంటే ఊపిరి అందలేదు. దగ్గు వచ్చింది. హార్మోనియం వాయించే అతను తల ఎత్తకుండానే, ‘ఆగు బాబాయ్, గాలి తీసుకో, నేను చూసుకుంటా’ అన్నాడు. ఆ రాగాన్ని తన వేళ్ల మీదే అటూ ఇటూ తిప్పుతూ నడిపాడు. పెద్దాయన చెంబెత్తి గుటకేసి, సరిగ్గా వదిలిన చోటే అందుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు ఐదు శ్రుతిలో పాడిన గొంతట అది. ఇప్పుడు ఒకటిన్నరకు దిగింది. దిగితేనేం, పద్యం నిలబడింది.

అందుకే ఈమధ్య ఎక్కడ చూసినా వినిపిస్తున్న ట్రాకుల మీద నాకు కోపం. హార్మోనిస్టు దొరకడం లేదని సెల్లులో ట్రాక్ పెట్టి పద్యం పాడిస్తున్నారు. సినిమా పాటకు ట్రాక్ సరిపోతుందేమో గానీ పద్యానికి ఎలా సరిపోతుంది? పద్యంలో రాగాలాపనకు కట్టుబడిన తాళం లేదు. పాడేవాడు ఎంతసేపు నిలిపితే అంతసేపు. జనం ‘ఒన్స్ మోర్’ అంటే మళ్లీ మొదటికి రావాలి. డెబ్బై ఏళ్లవాడికి దగ్గొస్తే ట్రాక్ ఆగదు. యంత్రం ముందు ఆయన ఓడిపోయినట్టు కనపడతాడు. హార్మోనిస్టు పక్కనుంటే అదే మనిషి రాజులా నిలబడతాడు. పెద్దవాళ్ల చేత నాటకం ఆడించాలంటే ముందు కావాల్సింది హార్మోనిస్టు. ఆ తర్వాతే లైట్లు, ఫ్లెక్సీలు.

ఇదేదో కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. 1880లలో బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు రంగస్థలం మీద పద్యానికి రాగం కట్టించిన నాటి నుంచీ తెలుగువాడికి నాటకమంటే పాటే. రెడ్డిగూడెం పక్కనే మైలవరం. అక్కడి జమీందారు అండతో నడిచిన బాలభారతీ నాటక సమాజంలో యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి లాంటి ఉద్దండులు పాడారు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల పద్యాలు చేలో అరకదున్నే రైతు నోటికి కూడా వచ్చాయి. బలిజేపల్లి వారి హరిశ్చంద్రుణ్ణి డి.వి. సుబ్బారావు కాటి సీనులో ఎలా నిలబెట్టారో నేటికీ చెప్పుకుంటారు.

కాంట్రాక్టు నాటకాల పద్ధతి కూడా పెద్దవాళ్లకు సరిగ్గా అతికినట్టు ఉంటుంది. ఒకే రాత్రి పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు, యుద్ధానికి మరో కృష్ణుడు. కృష్ణుడు మారాడని చూసేవాళ్లు ఏనాడూ అనుకోలేదు, ఎవరు బాగా పాడారని పోల్చుకున్నారంతే. ఊపిరి తగ్గిన నలుగురు పెద్దవాళ్లు ఒకే వేషాన్ని పంచుకోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఇంకేం కావాలి?

పెద్దవాళ్లు నాటకం ఆడగలరని, ఆడితే వాళ్లకే మేలని బయటివాళ్లు ఎప్పుడో గ్రహించారు. జపాన్‌లో నినగావా యుకియో అనే దర్శకుడు 2006లో యాభై ఐదు దాటినవాళ్లతోనే సైతామా గోల్డ్ థియేటర్ మొదలుపెడితే వెయ్యి మందికి పైగా దరఖాస్తు పెట్టుకున్నారు. అమెరికాలో హెల్గా నోయిస్, టోనీ నోయిస్ అనే పరిశోధక దంపతులు 60 నుంచి 86 ఏళ్ల మధ్యవాళ్లు 124 మందిని తీసుకుని, కొందరికి నాలుగు వారాలు నటన నేర్పారు. ఏ శిక్షణా లేనివాళ్లతో పోలిస్తే వాళ్లకు జ్ఞాపకశక్తి, చిక్కు విప్పే నేర్పు, మనసు ఉల్లాసం అన్నీ మెరుగయ్యాయని 2004లో రాశారు. నాలుగు వారాలకే అంత ఉంటే, నలభై ఏళ్లుగా పద్యాలు నోట్లో ఉన్న మన దుర్యోధనుడి సంగతేమిటి? మెడికల్ క్యాంపుకు పెట్టే ఖర్చులో కొంత రిహార్సలుకు పెడితే నష్టమేం లేదు.

ఆడవాళ్ల మాట ఇంకా బాధాకరం. అరవై దాటిన అమ్మలకు మనం వదిలింది భజన, కాస్త ఓపిక ఉంటే కోలాటం. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే బ్రహ్మరథం పట్టినవాళ్లం, మా ఊరి అమ్మమ్మ ధర్మరాజు వేస్తానంటే నోరు నొక్కేస్తాం. ఆ రిహార్సలు జరుగుతున్న పాక గడప మీద కూర్చుని ఒక పెద్దావిడ ప్రతి పద్యానికీ ముందే పెదవులు కదుపుతోంది. ఆమెను లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు.

ఇక ఈ పది గంటల నిబంధన. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకులు మోగకూడదు. మంచిదే. నాటకం వేసేవాళ్లూ తెల్లవార్లూ వేస్తామనడం లేదు, ఈ వయసులో వాళ్లకూ ఓపిక ఉండదు. ఆరింటికి ఇస్తే తొమ్మిదింటికి ముగిస్తామనే అంటున్నారు. కానీ ఆ నిబంధన హార్మోనియానికి గుర్తొచ్చినంతగా డీజే బాక్సులకు గుర్తురాదెందుకు? గుండెలు అదిరిపోయే ఆ మోతలో బీపీ ఉన్న ముసలివాళ్లు ఇళ్లలో తలుపులు వేసుకుని కూర్చుంటున్నారు. హైదరాబాదులో, అమెరికాలో ఉన్న పిల్లలు తిరునాళ్లకు చందాలు పంపుతున్నారు. అందులో ఎంత డీజేకు పోతోందో ఒక్కసారి కమిటీని అడగండి. హార్మోనిస్టుకు, తబలా అతనికి ఇద్దామంటే ఆ కమిటీయే బేరమాడుతుంది. రెండ్రోజుల ముందు అడ్వాన్సు పుచ్చుకుని వచ్చేది డీజే. చార్జీలకు కూడా వెతుక్కునేది వాయిద్యగాడు.

ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆ రోజు విజయవాడ హాళ్లలో దండలు, ఉపన్యాసాలు ఉంటే ఉండనివ్వండి. ప్రతి మండల కేంద్రంలో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా వేదికను అరవై దాటినవాళ్లకు రాసివ్వాలి, ఆడవాళ్లకూ మగవాళ్లకూ. హార్మోనిస్టు, తబలా, అద్దె డ్రెస్సుల ఖర్చు మండల నిధుల్లోంచి భరించాలి. సన్మానాలు, ప్రసంగాలు పెట్టుకోవాలంటే తొమ్మిది తర్వాత పెట్టుకోండి. ఆ పూట ఊరి పొలిమేరలోకి డీజే బండి రాకుండా ఎస్సై గారు చూడాలి.